ట్రియోలే బస్సులో మునగాకు కట్ట

బీచ్‌ల గురించి రాయను, ఆ ఫొటోలు అందరూ పెట్టేశారు. మారిషస్‌లో నాకు చిర్రెత్తించింది టాక్సీలు. కాస్త దూరమైతే చాలు, 2,000 అనేవాళ్లు. అదీ వాళ్ల రూపాయల్లో! అందుకే పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ చూసుకుని ట్రియోలే అనే ఊరి బస్సెక్కేశాను.

ఘాట్‌కి టికెట్ లేదు. ఒకప్పటి కూలీ ఘాట్ అదే. చెరకు తోటల పనికి 1834 నుంచి మనవాళ్లను ఓడలెక్కించి దింపిన దేశం ఇది. మాది కాకినాడ. ఆదివారాలు మడ అడవి చూడ్డానికి వెళ్లే కోరంగి ఒకప్పుడు ఓడలు బయల్దేరే రేవు; ఆ పేరుతోనే ఇక్కడ తెలుగువాళ్లను "కోరంగీలు" అనేవారట. ఆ సంగతి తెలుసుకోడానికి ఇంత దూరం రావాల్సొచ్చింది.

బస్సులో పక్కన ఓ పెద్దావిడ, ఒళ్లో పేపర్లో చుట్టిన మునగాకు కట్ట. "మునగాకు" అన్నాను పైకే. "మురూం" అని నవ్వారు. వాళ్లూ తెలుగువాళ్లే, కానీ రామభజనంలో పాడే మాటలు తప్ప తెలుగు రాదు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకొచ్చారు.

వాళ్ల ముత్తవ్వ ఉన్న తోట క్యాంపులో పక్క గది భోజ్‌పురి ఆవిడది. ఒకరి మాట ఒకరికి తెలీదు. ముత్తవ్వ మొగుడు జ్వరంతో మంచాన పడ్డాడు. ఒకరోజు నాగా పెడితే రెండు రోజుల కూలి కోసేవారు, దాన్ని "డబుల్ కట్" అనేవారు. తిండి లేక ముత్తవ్వకి పాలు ఎండిపోయాయి. పక్కింటావిడ తన బిడ్డతో పాటు ఈ బిడ్డకీ పాలిచ్చింది. తన బియ్యంలోంచి రోజూ ఓ గిద్దెడు తీసి ఇచ్చింది. ముత్తవ్వ తిరిగి ఇవ్వగలిగింది గది వెనక నాటిన మునగచెట్టు ఆకు.

"ఆ పాలు తాగినవాడే మా తాత. వాళ్లింటికీ మాకూ పెళ్లిళ్లు కలుపుకోం."

మా అమ్మ మునగాకు ముట్టుకోనిచ్చేది కాదు, ఆషాఢం వస్తే తప్ప. అదేమిటో చెబుదామనుకున్నా, ఇంగ్లీషులో ఆషాఢాన్ని ఏమనాలి?

ట్రియోలేలో దిగారావిడ. స్టాపులో ఇంకో ముసలావిడ కాచుకుని ఉంది. కట్ట అందుకుని, పేపరు విప్పి, ముదురు కాడలు ఏరి పక్కన పారేస్తూ ఏదో సణిగింది. నాతో బస్సులో వచ్చినావిడేమో, ఆమెను మించి గట్టిగా తిరిగి అరిచింది.