నాన్న పేరు అడిగిన టీచరు

1983లో నేను తొమ్మిదో తరగతి. నాన్న మద్రాసు కొత్వాల్ చావడి మార్కెట్టులో ఒక ఉల్లిపాయల మండీలో గుమాస్తా. మార్కెట్టు కోయంబేడుకు తరలింది 1996లో గదా, అప్పటికింకా జార్జిటౌన్ సందుల్లోనే ఉండేది. ఆ ఏడు వానలకు ముందు నాన్న కామెర్లతో మంచం పట్టారు. సెంట్రల్ స్టేషన్ ఎదుట పెద్దాసుపత్రిలో చేర్చాం. పనికి రాని నెలకు జీతమెక్కడిదని మండీ యజమాని చేతులు దులుపుకున్నాడు. అమ్మ ఆసుపత్రి వరండాలో, నేనూ తమ్ముడూ ఇంట్లో.

ఈ సంగతి బడిలో ఎవరికీ చెప్పలేదు. అన్నం గంట కొట్టగానే కొళాయి దగ్గరికి పోయి, కడుపు నిండా నీళ్ళు తాగి, అందరూ తినేదాకా అక్కడే నిలబడేదాన్ని.

లెక్కల టీచరుగారంటే మనకెంత భయమో నాతో చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆవిడే ఒకరోజు కొళాయి దగ్గరికి వచ్చారు. ఎందుకిక్కడున్నావని అడగలేదు. "మీ నాన్న పేరేంటమ్మా?" అన్నారు. చెప్పాను. సంచీలోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నారు. "ఆదివారం చర్చిలో ప్రార్థన చేయిస్తాను. ఎవరో జబ్బు మనిషి అంటే ఎట్లా? పేరు పెట్టి అడగాలి."

మాది తమిళ నెల పెరటాశిలో వెంకటేశ్వరస్వామికని శనివారాలు ఒంటిపొద్దుండే ఇల్లు. అయినా వేపేరిలో తెలుగువాళ్ళ చర్చిలో మా నాన్న పేరు నలుగురి నోట పలుకుతుందంటే నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాటి నుంచి క్యారేజీ రావడం మొదలైంది. ఎవరింటి వంతు ఏ రోజో ఎవరు పంచారో ఇప్పటికీ తెలియదు. సోమవారం పప్పుచారు, బుధవారం గోంగూర. నా పక్కన కూర్చునే పిల్ల వాళ్ళమ్మ శుక్రవారం దద్దోజనం పంపేది, తమ్ముడికని అడుగు గిన్నెలో వేరుగా బెల్లంముక్క పెట్టి. అమ్మ ఏ క్యారేజీనీ ఖాళీగా తిరిగి పంపలేదు. ఇంట్లో ఏమీ లేనినాడు గుప్పెడు బియ్యం వేసేది, అదీ లేనినాడు చిటికెడు పసుపు.

పెరటాశిలో తిరుపతి గొడుగులు కదిలే రోజు వచ్చింది. ఏటా నాన్న భుజాల మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని చూపించేవారు. చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి బయల్దేరి, యానైకవుని దాటి, తిరువళ్ళూరు మీదుగా గరుడసేవ వేళకు కొండ చేరే ఆ తెల్ల పట్టుగొడుగుల్ని ఈసారి నువ్వే పోయి మొక్కి రా అంది అమ్మ. పోయాను. జనంలో నాకేమీ కనిపించలేదు. పక్కనున్న మూటలు మోసే ఆయన "ఏం మొక్కుకున్నావు తల్లీ?" అన్నాడు. చెప్పాను. ఆయన తన చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పాడు. అందరూ కలిసి ఒక్కసారి "గోవిందా" అన్నారు. అది మా నాన్న కోసం.

కార్తీకంలో నాన్న పోయారు.

ఆ తర్వాత చాన్నాళ్ళు నా నోట గోవింద అనే మాట రాలేదు. అమ్మ దీపం పెడుతుంటే పక్క గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. పదో తరగతిలో ఒకరోజు టీచరుగారు బల్ల మీది కాగితాలు తెమ్మన్నారు. డైరీ తెరిచి ఉంది. నాన్న పేరు కొట్టేసి లేదు. దాని పక్కనే అమ్మ పేరు, నా పేరు, తమ్ముడి పేరు. "ఆయన పోయినా మీరున్నారు గదమ్మా, ఆపడమెందుకు" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను, దీపం ముందు. దేవుడు నాన్నను ఎందుకు తీసుకున్నాడో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. కానీ మమ్మల్ని వదల్లేదని మాత్రం ఆ పేజీ చూశాక నమ్మాను.

2015 డిసెంబరులో చెంబరంబాక్కం చెరువు నీళ్ళతో అడయారు నది పొంగినప్పుడు మన బ్యాచి వాళ్ళం కొందరం కలిసి పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టి జాఫర్‌ఖాన్‌పేటకు పట్టుకెళ్ళాం. ఒక మేడ మీద ఒక ముసలమ్మ. పొట్లం తీసుకుంది గానీ విప్పలేదు. కొడుకు సైదాపేట వైపు పోయాడట, రెండు రోజులుగా జాడ లేదట. ఏం చెప్పాలో తోచక పక్కన కూర్చున్నాను. కాసేపటికి నా చేతిసంచీలోంచి పెన్ను తీశాను.

"మీ అబ్బాయి పేరేంటమ్మా?" అన్నాను.