అమ్మ ఫోన్‌లో పైసలు ఎందుకు పోయాయంటే

దసరాకు దేవరకొండ పోతే అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి "ఎవరికీ ఫోన్ చెయ్యకున్నా పైసలు పోతున్నయి బిడ్డా" అంది. మెసేజ్‌లు ఒక్కొక్కటీ తెరిచి చూస్తే తెలిసింది, తెర మీద ఇంగ్లిష్‌లో ఏదో వచ్చినప్పుడల్లా అది పోవాలని 'ఓకే' నొక్కిందట, అట్లా రెండు సర్వీసులు మొదలై ఆమెకు తెలియకుండానే బ్యాలెన్స్ తినేస్తున్నాయి. చాలా కోపం వచ్చింది. చదవలేని భాషలో అడిగి ఒప్పుకున్నట్టు రాసుకోవడం ఏం న్యాయం?

155223కి ఫోన్ చేసి రెండూ ఆపించా. ఏ సిమ్‌కైనా ఇదే నంబరు, చార్జీ పడదు. ఫోన్ భాష తెలుగులోకి మార్చా. వాట్సాప్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా మీద వీడియోలు వాటంతటవే దిగకుండా టిక్ తీసేశా, రోజు డేటా మధ్యాహ్నానికే అయిపోయేది దానివల్లే.

డేటా బంద్ చేయడం మాత్రం తననే చేయమన్నా. పత్తి ఏరి ఏరి మొద్దుబారిన వేలు, తెరకు ఆనేది కాదు. కొంగుకు తుడుచుకుని, పైనుంచి కిందికి మెల్లగా లాగి, నాలుగోసారికి నొక్కింది. గుర్తు బూడిద రంగులోకి మారగానే "బందయింది కదా?" అని నా ముఖంలోకి చూసింది. నిన్న రాత్రి ఫోన్ చేసి, పక్కింటి అత్తకు కూడా తనే నేర్పుతున్నానని చెప్పింది.