మార్లవాయిలో హైమండార్ఫ్

పాత ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయి చూడాలన్న కోరిక ఈ వారం తీరింది. హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీల సమాధులు ఈ గోండు ఊళ్ళోనే ఉన్నాయి.

ఆయన వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నారు. చేతిలో జర్మన్ పాస్‌పోర్ట్, అంటే బ్రిటిష్ వాళ్ళకి శత్రువు. హైదరాబాద్ సంస్థానం దాటకూడదన్నారు. ఆ కట్టడిలోనే చెంచులు, కొండరెడ్లు, రాజగోండుల మధ్య బతికి పరిశోధన చేశారు.

నిజాం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కొమురం భీం మరణం తర్వాత గోండుల కష్టాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం పంపితే, అసలు గొడవంతా భూమి దగ్గరే ఉందని సూటిగా చెప్పారు. పట్టాలు ఇప్పించారు. 1943లో ఇదే ఊళ్ళో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించారు. ఆయన రాసిన పుస్తకాలన్నిటికంటే నాకు ఇదే గొప్ప పని.

తర్వాత లండన్‌లో ప్రొఫెసర్ అయ్యారు, నేపాల్‌లో షెర్పాల మీద పనిచేశారు. రిటైరయ్యాక మళ్ళీ ఆదిలాబాద్ వచ్చి చూస్తే, ఆ భూములు చాలావరకు బయటివాళ్ళ చేతుల్లోకి పోతున్నాయి. ఆ మాట కూడా దాచకుండా రాశారు. మన యూనివర్సిటీల్లో ఆంత్రోపాలజీ చదివే పిల్లల్ని ఒక్కసారైనా ఇక్కడికి తీసుకురావాలి.