అడవిలో చూసిన వెలుగు, కాన్వాస్ మీద పచ్చరంగుతో పేచీ

పొద్దున్నే పొగమంచు ఇంకా విడవకముందు, మూడు వరసల చెట్ల మధ్య నుంచి వెలుగు ఏటవాలుగా దిగుతోంది. నేను నూనెరంగుల్లో వేయాలనుకున్నది చెట్లను కాదు, ఆ వెలుగును. అలాంటిది పావుగంట నిలిస్తే గొప్ప. అందుకే కొమ్మలూ ఆకులూ గీస్తూ కూర్చోకుండా, పోస్టుకార్డంత కాగితం మీద 4బి పెన్సిలుతో ముదురు, నడిమి, లేత అని మూడే ఛాయలు పంచుకున్నాను. రంగుల సంగతి పక్కన మాటల్లో రాసుకున్నాను: ‘దూరపు చెట్లు పచ్చగా లేవు, బూడిద నీలం’, ‘మంచు ఆకాశం కన్నా వెచ్చన’. ఫోన్‌తో ఫొటో తీశాను గానీ అది కొమ్మల ఆకారాల కోసమే. ఫొటోలో నీడలు నల్లగా గడ్డకడతాయి, వెలుగున్న చోటు వట్టి తెలుపైపోతుంది. కంటికి కనిపించిన రంగు ఆ రెండు చోట్లా దొరకదు.

కాన్వాస్ 16×20 అంగుళాలది. కొన్నప్పుడే జెస్సో (రంగు పట్టేందుకు ముందుగా వేసే తెల్ల పూత) పూసి ఉన్నా, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా ఇంకో రెండు పూతలు వేసి, మధ్యలో 220 నంబరు శాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్దాను. ఆ తర్వాత బర్న్ట్ సియన్నా అనే ఎర్రమట్టి రంగును టర్పెంటైన్‌లో బాగా పలచన చేసి పూసి, గుడ్డతో తుడిచేశాను. తెల్లటి కాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా ఉన్నదానికన్నా ముదురుగా కనబడి, చేయి అనుకోకుండా లేత రంగుల వైపు పోతుంది. పైగా ఆకుల మధ్య సందుల్లోంచి ఈ ఎర్రమట్టి రంగు తొంగిచూస్తే పచ్చదనానికి ప్రాణం వస్తుంది.

అసలు పేచీ పచ్చరంగుతోనే. ట్యూబులోంచి నేరుగా తీసిన పచ్చ ఏదైనా సరే, అడవిని ప్లాస్టిక్ మొక్కల్లా చేస్తుంది. రంగులు కలుపుకునే ప్యాలెట్ మీద పచ్చ ట్యూబే పెట్టలేదు. అల్ట్రామెరీన్ బ్లూలో యెల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు) కలిపితే నడిమి వరసకు సరిపోయే అణగిన పచ్చ వచ్చింది. నిమ్మపసుపు రంగు కాడ్మియం లెమన్‌లో ఐవరీ బ్లాక్ చిటికెడు చిటికెడుగా కలిపితే నాచురంగు. నలుపు ఒక్కసారిగా వేస్తే పసుపు మొత్తం మునిగిపోతుంది, జాగ్రత్త. దూరపు వరసకు అల్ట్రామెరీన్, టైటానియం వైట్, అవి మరీ నీలమైపోకుండా కాస్త బర్న్ట్ సియన్నా. ఏ పచ్చ అయినా గోలగా అనిపిస్తే అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) రవ్వంత తగిలిస్తే అణుగుతుంది. మూడు వరసలకూ మూడు కుప్పలు ముందే కలిపి పెట్టుకున్నాకే కుంచె పట్టాను. వేస్తూ వేస్తూ కలుపుకుంటే మూడూ ఒకే పచ్చలోకి జారతాయి, దూరం చచ్చిపోతుంది.

మొదటి పూత అంగుళం వెడల్పున్న బల్లపరుపు కుంచెతో, టర్పెంటైన్ మాత్రమే కలిపి వేశాను. నీడల్లో ఐవరీ బ్లాక్ వాడలేదు. అది చాలా నెమ్మదిగా ఆరుతుంది. దాని మీద త్వరగా ఆరే రంగు పడితే, కింద ఇంకా కదులుతుండగానే పైపొర బిగుసుకుని పగులుతుంది. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా కలిస్తే ఆ నలుపు ఎలాగూ వస్తుంది. రెండో పూతకు ట్యూబులోని రంగు ఉన్నదున్నట్టు, మూడోదానికి కొద్ది చుక్కల లిన్సీడ్ (అవిసె) నూనె. పైకి పోయేకొద్దీ నూనె పెరగాలే తప్ప తగ్గకూడదు.

మంచు దగ్గర దెబ్బతిన్నాను. తెలుపును నేరుగా ఇంకా ఆరని రంగు మీద లాగితే సుద్ద పూసినట్టయింది. టైటానియం వైట్ చల్లటి, మందమైన తెలుపు. కిందిదాన్ని కప్పేస్తుంది గానీ తెర కట్టదు. ప్యాలెట్ నైఫ్‌తో గీకేసి, వారం ఆరనిచ్చాను. ఈసారి దూరపు చెట్ల కుప్పలోనే తెలుపు, కొంచెం ఓకర్ కలిపి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఆరిన రంగు మీద రాసీ రాయనట్టు రుద్దాను. కిందిది అక్కడక్కడా కనబడుతుంటేనే అది మంచు. వెలుగు చారలకూ ఇదే పద్ధతి. చారలు ముదురు చెట్ల ముందు మాత్రమే కనబడాలి. లేత మంచులోకి వచ్చేసరికి కరిగిపోవాలి. అంచు నుంచి అంచుదాకా స్కేలు పెట్టినట్టు లాగితే నాటకం తెర అవుతుంది. కొమ్మల సందుల్లో కనబడే ఆకాశపు ముక్కలను అసలు ఆకాశం కన్నా ఒక ఛాయ ముదురుగా వేశాను. అంత ముదురు మధ్య చిన్న ముక్క లేతగా ఉంటే కాగితం అంటించినట్టు ముందుకు దూకుతుంది.

ఆరాక నీడల్లో మచ్చలు మచ్చలుగా మెరుపు పోయింది. నూనె కిందికి ఇంకడం వల్ల వచ్చేదే. రంగు మారిందని కంగారుపడి మళ్లీ వేస్తే అసలుకే మోసం. లిన్సీడ్, టర్పెంటైన్ సమంగా కలిపి, నూలు లేవని గుడ్డతో పలచగా రాసి, కాసేపాగి మిగిలింది తుడిచేస్తే ముదురు మళ్లీ తేలింది. ఆ గుడ్డల్ని మాత్రం కుప్పగా పడేయకూడదు. లిన్సీడ్ ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్లు పోసిన, మూతున్న రేకు డబ్బాలో వేస్తాను.

వార్నిష్‌కు ఆరు నెలలు ఆగాను. టర్పెంటైన్ తడిపిన దూదిని ఒక మూల తేలిగ్గా రాసినప్పుడు రంగు అంటితే ఇంకా ఆగాల్సిందే. ఆ ఆరు నెలలూ బొమ్మను గోడవైపు తిప్పి పెట్టలేదు, ఎండ తగలని వెలుగులోనే ఉంచాను. చీకట్లో ఆరితే లిన్సీడ్ పసుపెక్కుతుంది, అప్పుడు ముందుగా పాడయ్యేది ఆ మంచే.