బందరు కోట మోడల్: గోడలు అయ్యాయి, ఇప్పుడు బురద పని

మూడు నెలలుగా ఆదివారాలన్నీ దీనికే పోతున్నాయి. 1759 ఏప్రిల్‌లో ఫ్రెంచివాళ్ల చేతిలోంచి ఇంగ్లీషువాళ్లు లాక్కున్నప్పటి మచిలీపట్నం (బందరు) కోట, స్కేలు 1:1000. కోట పొడవు సుమారు 800 గజాలు కాబట్టి బల్ల మీద 73 సెంటీమీటర్లు వచ్చింది. కింద 12 మి.మీ. ప్లైవుడ్, నాలుగడుగులు బై మూడడుగులు. తూర్పున ఇసుక దిబ్బలకు 30 సెంటీమీటర్లు వదిలాను. ఇంకాస్త వదలాల్సింది, ఎందుకంటే ఇంగ్లీషువాళ్ల ఫిరంగులు ఆ దిబ్బల మీదే ఉండేవి.

గోడలకు 5 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట) రెండు పొరలు అతికించాను. స్కేలు ప్రకారం వెళితే గోడ కంటికి ఆనదు, అందుకే ఎత్తు మాత్రం రెట్టింపు చేశాను. బురుజులు 11, ఒక్కోటి ఒక్కో ఆకారం. ఒకటి కోసి మిగతావి దాని అచ్చుతో తీద్దామనుకున్నాను, కుదరలేదు. ప్రతిదానికీ విడిగా కాగితం మీద గీసుకుని కోయాల్సి వచ్చింది. అసలు గోడ మట్టిది, బయట ఇటుక. కాబట్టి బయటివైపు మాత్రమే ఇటుక రంగు వేసి, లోపలి వాలుకు పుట్టీలో రంగు కలిపి రాశాను.

మొదటి నెలలో ఒక తప్పు చేశాను. ఫెవికాల్‌లో నీళ్లు ఎక్కువ కలిపి ప్లైవుడ్ ఒకవైపే పూసేసరికి చెక్క వంగిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు రెండు వైపులా వార్నిష్ కొట్టి, రెండు రోజులు ఆరనివ్వండి.

ఈ కోటలో నాకు ముఖ్యం గోడలు కాదు, చుట్టూ ఉన్న నేల. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరుకు వ్యాపారానికి వచ్చారు. 1750లో ఫ్రెంచివాళ్లు దీన్ని పట్టుకుని గట్టిపరిచారు. అయినా కోటకు అసలు కాపలా బురదే. ఊరి నుంచి కోటకు ఆ బురద మీదుగా ఒక పొడవాటి కట్ట ఉండేది. కందకంలో నీళ్లు ఆటుపోట్లతో పెరిగి తగ్గేవి.

1759 మార్చిలో ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ వచ్చి చుట్టుముట్టాడు. లోపల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దండు. ఫోర్డ్‌కు, బెజవాడ దాకా వచ్చేసిన ఫ్రెంచివాళ్ల మిత్రుడు, హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ సైన్యం ఒకపక్క, తగ్గిపోతున్న మందుగుండు ఇంకోపక్క. ఏప్రిల్ 7 రాత్రి, నీళ్లు తగ్గే వేళ చూసుకుని, మూడు దిక్కుల నుంచి కదిలారు. నైరుతి బురదలో కెప్టెన్ నాక్స్ దళం అలజడి చేసింది. కట్ట వైపు ఇంగ్లీషువాళ్లతో కలిసిన విజయనగరం రాజు పూసపాటి ఆనందరాజు మనుషులు అలాగే చేశారు. అసలు దాడి ఈశాన్య మూల బురుజు మీద జరిగింది. తెల్లారేసరికి కోట పోయింది. పట్టుబడినవాళ్లు దాడి చేసినవాళ్లకంటే ఎక్కువ! దుర్గమం అనుకున్న బురదే దాడి చేసేవాళ్లకు దారి అయింది. అందుకే నైరుతి మూల పనికి మిగతా మోడలంతటికీ పట్టినంత సమయం పెడుతున్నాను.

బురద ఇలా చేస్తున్నాను. పుట్టీలో ముదురు గోధుమ రంగు, కొంచెం నలుపు కలిపి పల్చగా రాయాలి. సగం ఆరాక తడి బ్రష్‌తో అద్దితే గుంటలు పడతాయి. తడి కనిపించాల్సిన చోట మాత్రమే మెరిసే (గ్లాసీ) వార్నిష్. అంతటా పూస్తే చాక్లెట్ పూసినట్టు ఉంటుంది, నేను పూసి గీకేశాను. దిబ్బలకు మామూలు ఇసుక వద్దు, ఈ స్కేలులో ఒక్కో రేణువు బండరాయిలా కనిపిస్తుంది. పిండి జల్లెడ పట్టిన ఇసుకపొడి బాగుంది.

కందకంలో నీళ్లకు ఈపాక్సీ రెజిన్ (ఆరాక గాజులా గట్టిపడే ద్రవం), హార్డెనర్ 2:1 కొలతలో కలిపి, ఒకసారికి 3 మి.మీ. మించకుండా పోశాను. మొదటిసారి గోడ కిందికి కారి ఉత్తరపు గోడ మొత్తం ఊడింది. ఇప్పుడు ముందుగా గోడ మొదలంతా ఎంసీల్ రాసి, ఒక రోజు ఆగి పోస్తున్నాను. రెండు పొరల మధ్య 24 గంటలు ఆగాలి. బుడగలకు హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి పట్టాలి.

బందరుకోటకు వెళ్లినప్పుడు శిథిలమైన గంట గోపురం, ఆయుధాగారం చూసి చాలాసేపు ఉండిపోయాను. మా ఇంట్లో ఉప్పెన అంటే 1977 దివిసీమే. బందరుకు అంతకు ముందు 1864 నవంబరు 1 ఉప్పెన ఉంది. దాదాపు 30,000 మంది పోయారని లెక్క. ఆ తర్వాత ఇక్కడి దండును తీసేశారు, కోట పాడుపడింది. శత్రువుకు ఆ రాత్రి దారి ఇచ్చిన నీళ్లే వందేళ్లకు దండును పంపేశాయి. ఆ గోపురం మోడల్‌లో పెట్టాలని చాలా ఉంది, కానీ నాది 1759, పెట్టకూడదు.

మిగిలినవి కట్ట, దాని చివరి ద్వారం, ఈశాన్య బురుజు దగ్గర ఫిరంగి దెబ్బలకు కూలిన గోడ. కూలిన చోట సన్‌బోర్డును కోయకుండా చేత్తో విరిచి చూస్తాను, అంచు గరుకుగా వస్తుందేమో.