చిన్నాయన తోటలో పాత నాణేలు దొరికాక నా అనుభవం

మెటల్ డిటెక్టర్ కొనమంటావా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, మిషన్ సంగతి తర్వాత, ముందు ఊళ్ళో చెప్పుకోండి. మన సీమలో గుప్త నిధులంటూ రాత్రిపూట గుళ్ళు తవ్వేవాళ్ల గోల తెలిసిందే కదా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పొలంలో తిరిగితే జనం ఏమనుకుంటారు? అందుకే చంద్రగిరి దగ్గర మా చిన్నాయన మామిడి తోటలో దిగకముందే వీఆర్వోకు చెప్పి, పట్టపగలే మొదలుపెట్టాను. కోట వైపు అసలు పోలేదు. అది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, అక్కడ మట్టి గోకినా కేసే.

మిషన్ ఫ్రెండుది. బోరు మోటారు దగ్గర కరెంటు వైర్ల వల్ల ఊరికే కీచుకీచుమంటుంది, ఎర్రమట్టిలో గ్రౌండ్ బ్యాలెన్స్ (మట్టికే మోగకుండా చేసే సెట్టింగు) సరిచేయకపోతే ఇంకా ఘోరం. ఇనుముకు మొరటు శబ్దం, రాగికి సన్నగా, తేటగా వస్తుంది. అలా సన్నగా మోగిందని ఆశపడి తవ్వితే మందు డబ్బాల రేకులు కూడా వస్తాయి లెండి. ఎద్దు లాడాలు, నాగలి ముక్కలు, సీసా మూతలు, ఒక చిల్లుకాణీ... ఇలాగే సాగుతుండగా గట్టు పక్కన ఒకేచోట గట్టిగా మోగింది. చేత్తో మట్టి తీస్తే పగిలిన ముంత, అందులో ఒకదానికొకటి అతుక్కున్న రాగి నాణేలు. పైన ఉన్నదాన్ని వేలితో తుడిస్తే ఒకవైపు సింహాలు, కింద 1808, రెండోవైపు పారశీక లిపి. ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైపు చలామణీ చేసిన కాసులు.

మా అమ్మ చింతపండు తెచ్చేసింది, తోమితే తళతళలాడతాయని. వద్దమ్మా అని చేయి పట్టుకున్నాను. ఆ పచ్చటి పొర పోతే అక్షరాలూ పోతాయి.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాచినది దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ తేదీన. దాస్తే ఏడాది దాకా జైలు. ఈ పది రూపాయల లెక్క ఇంకా మార్చలేదంటే నవ్వొస్తుంది, కానీ చట్టం చట్టమే. ఒక ఆఫీసులో గుమస్తాకు ఈ చట్టం పేరే తెలీదు, పోలీస్ స్టేషన్‌కు పోప్పా అన్నాడు. నేను ప్రింటు తీసుకెళ్ళి చూపించాక అర్జీ తీసుకున్నారు. పంచనామా రాశారు, ప్రతి నాణేన్నీ ఫోటో తీసి తూకం వేశారు, నాణేలను ట్రెజరీలో పెట్టారు. అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోవడం మాత్రం మరవకండి, తర్వాత ఎవరడిగినా చూపించడానికి మన చేతిలో ఉండేది అదే.

ఇప్పుడు నోటిఫికేషన్ వచ్చింది. హక్కుదారులెవరైనా ఉంటే రమ్మని, నాలుగు నెలలకు తగ్గకుండా, ఆరు నెలలు దాటకుండా గడువు ఇస్తారు. ఎవరూ రాకపోతే, మా మధ్య వేరే ఒప్పందం లేదు కాబట్టి దొరికించుకున్న నాకు ముప్పావు వంతు, భూమి ఉన్న చిన్నాయనకు పావు వంతు. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహం విలువకు అందులో ఐదో వంతు కలిపి ఇస్తుంది. ఈ ముక్క చదివి వినిపిస్తే చిన్నాయన, "రాగి రేటుకా? అందులో నాకు పావలా వంతా? నువ్వే ఉంచుకోరా, గట్టు మాత్రం సరిగ్గా పూడ్చు, నీళ్ళు పోతన్నాయి" అన్నాడు.