వాళ్ళెందుకు నవ్వుతున్నారు, నాన్నా?

మా పెద్దాడికి పదకొండేళ్ళప్పుడు, అంటే 2019 వేసవిలో, రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని ‘ద బిగ్ బ్యాంగ్ థియరీ’ చూసేవాళ్ళం. పన్నెండు సీజన్లు నడిచి ఆ మే నెలలోనే ముగిసిన ఆ హాస్య ధారావాహికలో షెల్డన్ కూపర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉంటాడు. అతనికి సోఫాలో ఎప్పుడూ అదే చోటు కావాలి, తలుపు మూడుసార్లు తట్టి మూడుసార్లూ పేరు పిలవాలి, ఎదుటివాళ్ళు వెటకారంగా అన్న మాటను కూడా నిజమే అనుకుంటాడు. ఒకరోజు తన చోటులో కూర్చున్నవాళ్ళను అతను లేవమనగానే టీవీలో ప్రేక్షకులు గొల్లుమన్నారు, మాకూ నవ్వొచ్చింది. మా వాడు తెరమీద నుంచి చూపు తిప్పకుండానే, “వాళ్ళెందుకు నవ్వుతున్నారు, నాన్నా? అది అతని చోటే కదా” అన్నాడు. మా భోజనాల బల్ల దగ్గర కిటికీ వైపు కుర్చీ వాడిది. వచ్చిన చుట్టాలెవరైనా తెలియక అందులో కూర్చుంటే ఆ పూట వాడు అన్నం ముట్టడు.

షెల్డన్‌కు ఆటిజం, అంటే మెదడు ఎదిగే తీరులో పుట్టుకతో వచ్చే తేడా, ఉందా అని ఆ షో నడిచినన్నాళ్ళూ ప్రేక్షకులు అడుగుతూనే ఉన్నారు. తాము అలా అనుకుని ఆ పాత్రను రాయలేదని సృష్టికర్తలు చెబుతూ వచ్చారు. “నాకు పిచ్చి లేదు, మా అమ్మ పరీక్ష చేయించింది” అని షెల్డన్ చేత పదేపదే అనిపించారు కూడా. ఒకసారి పేరంటూ పెడితే, నవ్వబోయిన ప్రేక్షకుడికి గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుందని వాళ్ళు జంకి ఉంటారని నా అనుమానం. పేరు లేనంతవరకూ అతను వట్టి చాదస్తుడు, హాయిగా నవ్వుకోవచ్చు. అయితే వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే 2012లో డాక్టరు చెప్పిన ఆ పేరును మేము ఏడేళ్ళపాటు మా అబ్బాయి ముందు ఎత్తనే లేదు.

మేముండేది షికాగో శివారులోని నేపర్విల్‌లో. వాడికి మూడేళ్ళు నిండే సమయానికి తెనాలి నుంచి మా అమ్మ వచ్చి ఉంది. పిల్లవాడు కళ్ళలోకి చూడటం లేదని ఇక్కడి పిల్లల డాక్టరు ఆందోళన పడితే, పెద్దవాళ్ళ ముఖంలోకి గుచ్చి చూడని పిల్లవాడిని బుద్ధిమంతుడని మెచ్చుకునే ఇంట్లో పుట్టి పెరిగిన అమ్మకు అందులో తప్పేమిటో అర్థం కాలేదు. మాటలు ఆలస్యమైతే, “వాళ్ళ తాతకీ అయిదేళ్ళకి గానీ రాలేదురా” అని తేల్చేసింది. నిజం చెప్పాలంటే నేనూ ఆ మాటనే పట్టుకుని ఆరు నెలలు కాలయాపన చేశాను.

నిర్ధారణ అయ్యాక ఒక స్పీచ్ థెరపిస్టు, రెండు భాషలు వింటే పిల్లవాడు తికమకపడతాడు, ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి అన్నారు. ఆ సలహా అప్పట్లో చాలామందికి దొరికింది. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయని మరో థెరపిస్టు మాకు వివరించేసరికి రెండేళ్ళు గడిచిపోయాయి. ఆ రెండేళ్ళూ ఇంగ్లీషు రాని మా అమ్మ ఫోనులో మనవడితో “హాయ్” అని, ఆ తరువాత ఏమనాలో తెలియక ఊరుకునేది.

తెలుగు మళ్ళీ మొదలుపెట్టాక వాడు మాటలను విన్నవి విన్నట్టే అప్పజెప్పేవాడు. దాహమేస్తే “నీకు నీళ్ళు కావాలా?” అనేవాడు, ఆకలేస్తే నా దగ్గరికొచ్చి “అన్నం తింటావా?” అనేవాడు. నీళ్ళు చేతికి వచ్చేముందు ప్రతిసారీ వాడి చెవిన పడేది ఆ ప్రశ్నే కాబట్టి, వాడి దృష్టిలో నీళ్ళు తెప్పించే మాట అదే. ఇలా విన్నదాన్ని తిరిగి పలకడాన్ని ఎకోలేలియా అంటారని థెరపిస్టు చెప్పింది. మా అమ్మకు ఆ పదం అవసరం లేకపోయింది. సెలవులకు వచ్చిన వారం రోజుల్లో, వాడి నోటివెంట “నీకు” అన్న మాట వచ్చినప్పుడల్లా “నాకు” అని అర్థం చేసుకుని కంచం సర్దడం నేర్చేసుకుంది. “మీరు” మాత్రం వాడికి చాలాకాలం అబ్బలేదు. మా ఇంటికొచ్చిన పెద్దాయననొకరిని “నువ్వెందుకు వచ్చావు?” అని అడిగి మమ్మల్ని తల దించుకునేలా చేశాడు గానీ, వాడడిగింది నిజంగా కారణమే.

షెల్డన్ మాకు చేసిన మేలూ ఉంది, కీడూ ఉంది. మేలేమిటంటే, తెలుగువాళ్ళ విందుల్లో మా వాడు చెవులు మూసుకుని మూలన కూర్చుంటే, “ఓ, షెల్డన్ టైపా!” అని ఎవరో ఒకరు తేలికపరిచేవారు, మేము వివరించే బాధ తప్పేది. కీడు కూడా ఆ మాటతోనే వచ్చేది. ర్యాంకులను కొలుచుకుని బతికిన మనవాళ్ళకు, చివరి ఎపిసోడ్‌లో నోబెల్ బహుమతి అందుకున్న షెల్డన్ ఐఐటీ టాపరుకు పెద్దన్నలా కనిపిస్తాడు. వెంటనే మా వాడిలోనూ ఏదో నిధి దాగి ఉంటుందని తవ్వడం మొదలవుతుంది. ఒక అంకుల్ గారైతే వాడిని పట్టుకుని, ఆయన పుట్టిన తేదీ ఏ వారమైందో చెప్పమన్నారు. వాడికి లెక్కల్లో సీ గ్రేడు వస్తుంది. వాడికి ఇష్టమైనవి వాషింగ్ మెషీన్లు, అవి తిరుగుతుంటే చూడటం ఇష్టం, అంతే. తాను లెక్క చూసే ప్రాంతాల్లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 31 మందికి ఒకరు ఆటిజం ఉన్నవారని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2025లో ప్రకటించింది. అందరూ నోబెల్ తెచ్చేవాళ్ళే అయితే స్టాక్‌హోమ్‌లో హాలు చాలదు.

పేరు పెట్టి చూపించిన పాత్ర కూడా మా ఇంటికి వచ్చింది, కానీ వచ్చినప్పుడు నేను తలుపు తీయలేదు. 2017 ఏప్రిల్‌లో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల బొమ్మల కార్యక్రమం జూలియా అనే నాలుగేళ్ళ బొమ్మను టీవీలో పరిచయం చేసింది. ఆ బొమ్మను ఆడించే స్టేసీ గోర్డన్ కొడుకుకూ ఆటిజం ఉంది. అందులోని పెద్ద పక్షి బొమ్మ బిగ్ బర్డ్ పలకరిస్తే రంగులు పూసుకుంటున్న జూలియా పలకదు, తానంటే ఆమెకు ఇష్టం లేదేమోనని బిగ్ బర్డ్ బెంగపడితే, ఆమెకు ఆటిజం ఉందని మిగతావాళ్ళు తాపీగా చెబుతారు. మా చిన్నదానికి అప్పుడు నాలుగేళ్ళు. “జూలియా అన్నయ్యలాగే ఉంది!” అని అరిచింది. పెద్దాడు పక్కనే ఉన్నాడు. నేను రిమోట్ అందుకుని ఛానెల్ మార్చాను. ఆ తరువాత రెండేళ్ళకు షెల్డన్ దగ్గర వాడడిగిన ప్రశ్నతో ఇక తప్పించుకోలేక, ఆ ఆదివారమే కూర్చోబెట్టి చెప్పాను. వాడు అంతా విని, షెల్డన్‌కీ ఉందా అని అడిగాడు. ఉన్నట్టే కనిపిస్తుంది, రాసినవాళ్ళు మాత్రం లేదన్నారు అన్నాను. కాసేపు ఆలోచించి, “అయితే వాళ్ళమ్మ తీసుకెళ్ళిన డాక్టరు సరిగా చూడలేదన్నమాట” అన్నాడు.

ఇప్పుడు వాడికి పదిహేడేళ్ళు. తనకు తానుగా ఎంచుకున్న పాత్ర షెల్డన్ కాదు, ‘కమ్యూనిటీ’ అనే మరో హాస్య ధారావాహికలో అబేద్ నాదిర్. మొదటి ఎపిసోడ్‌లో కోపం మీదున్న మరో పాత్ర ఆస్పర్జర్స్ (ఆటిజంలో ఒక రకానికి అప్పటి పేరు) అన్న మాటను అతని మీదికి విసురుతుంది, అంతకుమించి అతనికీ నిర్ధారణ అంటూ చూపించరు. కానీ ఆ పాత్రను నిజాయతీగా రాయాలని లక్షణాలు చదవడం మొదలుపెట్టిన సృష్టికర్త డాన్ హార్మన్, అవి తనలోనూ ఉన్నాయని గ్రహించానని తరువాత చెప్పుకున్నాడు. అబేద్‌ను పోషించిన డానీ పూడీ తండ్రి తెలుగువాడు, తల్లి పోలండ్ నుంచి వచ్చినావిడ, పుట్టింది ఈ షికాగోలోనే. ఈ సంగతి చెప్పినప్పుడు మా వాడికంటే నేనే ఎక్కువ మురిసిపోయాను.

ఈ షోలో వెనక నవ్వులు వినిపించవని, ఎప్పుడు నవ్వాలో ఎవరూ చెప్పరని, అందుకే నచ్చిందని వాడు చెప్పాడు. నన్ను పట్టుకున్నది మాత్రం మొదటి సీజన్‌లోని ఒక ఎపిసోడ్. ఫలాఫెల్ (శనగల వడల్లాంటి అరబ్బు వంటకం) కొట్టు నడుపుకునే అబేద్ తండ్రి, కొడుకు సినిమా చదువు చదవడానికి ఒప్పుకోడు, కొట్టు చూసుకోవాలంటాడు. తల్లి ఇల్లు విడిచి వెళ్ళిపోవడం గురించి నోటితో చెప్పలేనిదంతా అబేద్ ఒక చిన్న సినిమాగా తీసి చూపిస్తే, ఆ తండ్రి కన్నీళ్ళు పెట్టుకుని ఫీజు కడతానంటాడు. వలస వచ్చిన ఆ తండ్రి కోపమంతా కొడుకు అర్థం కాకపోవడం నుంచి వచ్చిందేనని నాకు అప్పుడు తట్టింది. రిమోట్ ఆ రోజు మా వాడి చేతిలో ఉంది.

మొన్న చలికాలం మా అమ్మ మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నాలు వాడు అబేద్‌ను పెట్టి, ఒక్కో మాటా ఆపి ఆపి తనకొచ్చిన తెలుగులో ఆవిడకు చెప్పేవాడు. “ఈ అబ్బాయి ఎవరి వంకా చూడడేమిట్రా?” అని అడిగితే, “నాలాగే, నానమ్మా. ఆటిజం” అన్నాడు. ఆవిడ ఊ కొట్టి, “మరి వాళ్ళ నాన్న కొట్టు ఎవరు చూస్తారు?” అంది. ఎపిసోడ్ అయ్యాక వాడు లేచి నిలబడి, “నీకు అన్నం కావాలా?” అన్నాడు. అమ్మ వెంటనే మోకాళ్ళు పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళి వాడి కంచం తీసింది. వాడు వెనకే వెళ్ళి ఆ కంచం తీసుకుని, “నాకు కాదు, నానమ్మా. నిన్నే అడుగుతున్నాను” అన్నాడు.